కురుసుర చూసొచ్చాక మావాడి ప్రశ్న: యుద్ధం లేనప్పుడు సబ్‌మెరైన్ ఏం చేస్తుంది?

మధురవాడ_నాన్న | శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా పెద్దాడు ఆరో తరగతి. ఈ సాయంత్రం వాణ్ణి ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం చూపించడానికి తీసుకెళ్లాను. పుట్టి పెరిగింది విశాఖలోనే. దాని నీడలో నిలబడి మొక్కజొన్న పొత్తులు ఎన్నిసార్లు తిన్నానో లెక్కలేదు గానీ లోపలికి వెళ్లడం ఇది రెండోసారి.

గైడ్ గారు బాగా చెప్పారు. ముందు ఆరు, వెనక నాలుగు టార్పెడో గొట్టాలు, మొత్తం 22 టార్పెడోలు (నీళ్లలో దూసుకెళ్లి ఓడల్ని పేల్చేవి) అని. మావాడు బుద్ధిగా విన్నాడు. బయటికి రాగానే మొదలు. "నాన్నా, యుద్ధం లేనప్పుడు ఇదేం చేస్తుంది?" కాపలా కాస్తుందన్నాను. "కనబడకుండా కాపలా ఏంటి? మన వాచ్‌మన్ గేటు దగ్గర కనబడతాడు కదా, అందుకే దొంగలు రారు."

మిరపకాయ బజ్జీ కొనిచ్చి అప్పటికి తప్పించుకున్నాను. రేపు పొద్దున మళ్లీ అడుగుతాడు. మామూలు జనానికి సబ్‌మెరైన్ వల్ల ఏమైనా ఉపయోగం ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఉల్లిపకోడీ | శనివారం రాత్రి 9:20

కురుసుర వల్ల మామూలు జనానికి ఉపయోగం: బీచ్‌లో ఆటో ఎక్కడ ఆపాలో చెప్పడానికి ల్యాండ్‌మార్క్. 😄

పాత_బోట్‌వాలా | శనివారం రాత్రి 9:51

నాన్నగారూ, మీవాడు గట్టివాడు. ముందు ఒక మాట చెప్పండి వాడికి. అందులో పనిచేసినవాళ్లు దాన్ని షిప్ అనరు, బోట్ అంటారు. షిప్ అంటే మా చీఫ్ కోప్పడేవాడు.

నేను ఫాక్స్‌ట్రాట్ తరగతి అనే సోవియట్ రకం బోట్లలో ఇంజన్ రూమ్‌లో పదకొండేళ్లు చేశాను. కురుసుర కూడా ఆ తరగతిదే. 1969 డిసెంబరులో సోవియట్ యూనియన్‌లోని రీగా రేవులో మన నేవీలో చేరింది, 2001 ఫిబ్రవరిలో రిటైరైంది, మరుసటి ఏడాది ఆగస్టులో మ్యూజియం అయింది. మీరు ఏసీలో, చెప్పులేసుకుని, అరగంటలో నడిచేసిన ఆ 91 మీటర్లలో 75 మందిమి ఉండేవాళ్లం. ఏసీ జనం కోసం తరవాత పెట్టింది. మా రోజుల్లో మూడు డీజిల్ ఇంజన్లు కలిసి నడుస్తుంటే ఆ గదిలో మాటలుండవు, చేతి సైగలే. ఒకడు డ్యూటీకి లేస్తే ఆ పడక మీద వేడి ఆరకముందే ఇంకొకడు వాలేవాడు. మంచినీళ్లు తాగడానికే, స్నానం మాట ఎత్తకూడదు. ఇంటికెళ్తే మా ఆవిడ గుమ్మంలోనే ఆపి ముందు పెరట్లోకి పంపేది. డీజిల్ వాసన వారం దాకా పోదు.

రాత్రిపూట నీళ్లపైకి ఒక గొట్టం మాత్రం లేపి, దాంతో గాలి పీల్చి ఇంజన్లు నడిపి బ్యాటరీలు చార్జ్ చేసుకునేవాళ్లం. దాన్ని స్నార్టింగ్ అంటారు. పగలు ఆ బ్యాటరీల మీద చప్పుడు లేకుండా నడవాలి. బ్యాటరీల నుంచి హైడ్రోజన్ వస్తుంది, కాబట్టి నిప్పు అంటే భయం. బీడీ అలవాటు నాకు అక్కడే పోయింది.

వాచ్‌మన్ సంగతికి వద్దాం. మీ వాచ్‌మన్ గేటు దగ్గర ఉన్నాడని తెలిస్తే దొంగ వెనక గోడ దూకుతాడు. వాచ్‌మన్ ఏ చెట్టు వెనక ఉన్నాడో తెలియకపోతే? ఆ వీధిలోకే రాడు. మా పని అదే, ఎక్కడున్నామో తెలియకుండా ఉండటం.

చరిత్ర_చదువరి | శనివారం రాత్రి 10:34

పాత_బోట్‌వాలా గారు చెప్పినదానికి రుజువు మన ఊరి ముందే ఉంది. 1971 నవంబరు 14న పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ కరాచీ నుంచి బయల్దేరింది. అది అమెరికావాళ్ల పాత డయాబ్లో, 1963లో అద్దెకిచ్చారు. బంగాళాఖాతం దాకా వచ్చి పనిచేసే సత్తా అప్పట్లో వాళ్ల దగ్గర దానికొక్కదానికే ఉంది. దాని వేట మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం. ఆ ఒక్క బోట్ భయానికి మనవాళ్లు విక్రాంత్‌ని అండమాన్ వైపు దాచి, రాజ్‌పుత్ అనే పాత యుద్ధనౌకతో విశాఖ దగ్గర విక్రాంత్ ఉన్నట్టు రేడియో సందేశాలు పంపించారు. ఒక్క టార్పెడో పేలకుండానే అంత పెద్ద ఓడ చోటు మార్చాల్సి వచ్చింది.

డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక ఘాజీ విశాఖ ముందే మునిగిపోయింది. తొంభై మందికి పైగా ఉన్నారు, ఒక్కరూ బతకలేదు.

వన్‌టౌన్_వాసు | శనివారం రాత్రి 10:41

మా నాన్నమ్మ చెప్పేది. ఆ రాత్రి కిటికీ రెక్కలు దడదడలాడితే భూకంపం అనుకుని పిల్లల్ని ఎత్తుకుని వీధిలోకి పరిగెత్తిందట. పొద్దున్నే జాలర్లు ఏవో తేలుతున్నాయని చెబితే అప్పుడు తెలిసింది.

ఘాజీ సినిమాలో మన సబ్‌మెరైనే దాంతో పోరాడి ముంచినట్టు చూపించారు కదా, అది కురుసురేనా?

చరిత్ర_చదువరి | శనివారం రాత్రి 10:58

కాదు వాసు గారూ. ఘాజీతో ఏ భారత సబ్‌మెరైనూ పోరాడలేదు. కురుసుర ఆ యుద్ధంలో గస్తీ తిరిగింది అరేబియా సముద్రంలో. మన నేవీ లెక్క ప్రకారం ముంచింది రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జ్‌లు, అంటే నీళ్ల లోపల పేలే బాంబులు. లోపలే ఏదో పేలిందనో, అది నీళ్లలో పరిచిన మైన్లే (మందుపాతరలే) దానికి తగిలాయనో పాకిస్తాన్ వాదన.

జై_భారత్_కాకినాడ | శనివారం రాత్రి 11:15

పాకిస్తాన్ వాదన ఇక్కడ రాయడం ఎందుకండీ? గెలిచింది మనం. బీచ్‌లో విజయస్తూపం కట్టుకున్నాం.

పాత_బోట్‌వాలా | శనివారం రాత్రి 11:40

తమ్ముడూ, రాయనీ. నేను ఆ స్తూపానికి దండం పెట్టకుండా ముందుకెళ్లను. అయినా చెప్తున్నా, మూసిన బోట్‌లో పేలుడు అంటే ఏ జెండా వాడికైనా ఒకటే చావు. అదే యుద్ధంలో డిసెంబరు 9న మన యుద్ధనౌక ఖుక్రీని పాకిస్తాన్ బోట్ హంగోర్ ముంచింది. 18 మంది ఆఫీసర్లు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ ముల్లా ఓడ వదలకుండా దాంతోపాటే వెళ్లిపోయారు. రెండూ కలిపి చదివితేనే సబ్‌మెరైన్ అంటే ఏంటో అర్థమవుతుంది.

ఇంకోటి, చాలామందికి తెలియదు. విశాఖ ముందు నీళ్లలో పడుకున్నది ఘాజీ ఒక్కటే కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 ఫిబ్రవరిలో, జపాన్ సబ్‌మెరైన్ ఆర్ఓ-110ని ఇక్కడే ముంచారు. ముంచినవాటిలో జమునా అనే మన ఓడ కూడా ఉంది, మిగతా రెండూ ఆస్ట్రేలియావి.

నిర్వాహకుడు | ఆదివారం ఉదయం 7:05

రెండు వ్యాఖ్యలు తీసేశాను. ఘాజీ గురించి కొత్త చర్చ తెరవండి. మన బోట్లు ఇప్పుడు ఎక్కడ ఉన్నాయి, ఎన్ని ఉన్నాయి లాంటి ఊహాగానాలు కూడా వద్దు. పేపర్లలో వచ్చినవి చాలు. ఇక్కడ అసలు ప్రశ్న పిల్లాడిది.

లలిత_చెన్నై | ఆదివారం ఉదయం 8:22

పిల్లాడి ప్రశ్నకి నా జవాబు. యుద్ధానికి పనికిరాని సబ్‌మెరైన్లు ఉన్నాయి, పైగా అవే ఎక్కువ లోతుకు వెళ్తాయి!

కురుసుర లాంటివి 300 మీటర్ల లోపే తిరుగుతాయి. ఈ కాలం అణు సబ్‌మెరైన్లయినా కొన్ని వందల మీటర్లే. సముద్రం సగటు లోతు దాదాపు 3,700 మీటర్లు. అంటే యుద్ధ సబ్‌మెరైన్ తిరిగేది పాలమీద మీగడంత మందంలో. వాటి పని దాక్కోవడం, దానికి ఆ మీగడ చాలు. శాస్త్రవేత్తలకి కావాల్సింది దిగడం. అందుకే వాళ్ల బండి వేరు.

ఇక్కడ చెన్నైలో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ 'మత్స్య 6000' తయారు చేస్తోంది. ముగ్గురు కూర్చుని 6,000 మీటర్లు దిగాలి. ఆ ముగ్గురూ ఉండేది లోపల 2.1 మీటర్ల వ్యాసం, 80 మిల్లీమీటర్ల మందం ఉన్న టైటానియం గోళంలో. మా ఇంటి స్టోర్ రూమ్ అంతకంటే పెద్దది. 2025 మొదట్లో కాట్టుపల్లి రేవులో నీళ్లలో దించి పరీక్షలు కూడా చేశారు. ప్రతి పది మీటర్లకీ, నేల మీద గాలి మనల్ని నొక్కేంత ఒత్తిడి అదనంగా పెరుగుతుంది. ఆరు వేల మీటర్ల దగ్గర అది సుమారు 600 రెట్లు. మీ బొటనవేలి గోరంత చోట బలిసిన ముర్రా గేదె నిలబడినట్టు. గోళంలో అణువణువునా అలాంటి గేదెలే.

ఉల్లిపకోడీ | ఆదివారం ఉదయం 8:30

గేదె లెక్క అర్థమైంది. ఇంజనీరింగ్‌లో మా సార్ పాస్కల్ అని చెప్పి నాలుగేళ్లు వృథా చేశాడు.

మెకానికల్_మూర్తి | ఆదివారం ఉదయం 9:48

గోళమే ఎందుకంటే, ఒత్తిడి అన్ని వైపులా సమానంగా పంచుకుంటుంది, ఒక మూల ఎక్కువ బరువు పడదు. 2023 జూన్ 18న టైటానిక్ చూడ్డానికి వెళ్లి ఐదుగురు చనిపోయిన టైటాన్ సబ్‌మెరైన్ గుర్తుందా? దాని మధ్యభాగం గోళం కాదు, కార్బన్ ఫైబర్ డ్రమ్ము. ఎక్కువమందిని కూర్చోబెట్టొచ్చని అలా చేశారు. కార్బన్ ఫైబర్‌ని లాగితే గట్టిగా ఉంటుంది, నొక్కితే పొరలు విడిపోయే ప్రమాదం ఉంది. దాన్ని ఏ స్వతంత్ర సంస్థ చేతా ధ్రువీకరించుకోలేదు కూడా. 1960లోనే ట్రియెస్ట్ అనేది ఉక్కు గోళంలో ఇద్దరిని కూర్చోబెట్టి ప్రపంచంలోకెల్లా లోతైన మరియానా అగాధం అడుగుకి దించి పైకి తెచ్చింది. అరవై మూడేళ్ల తరవాత దాంట్లో మూడో వంతు లోతులో అంతమంది పోవడం నాకు ఇంకా మింగుడుపడదు.

లలిత గారి మాటకు ఒక మినహాయింపు. సోవియట్ యుద్ధ సబ్‌మెరైన్ కొమ్సొమొలెత్స్ టైటానియం ఒంటితో 1984లో వెయ్యి మీటర్లు దాటింది. 1989లో నిప్పంటుకుని మునిగింది. లోతు దాన్ని ఏం చేయలేదు, మంట చేసింది.

హ్యూస్టన్_శ్రీను | ఆదివారం ఉదయం 10:15

సైన్యం, పౌరం అని గీత గీసేస్తున్నారు గానీ ఆ గీత నీటి మీద రాత లాంటిదే. 'ఆల్విన్' అనే అమెరికా పరిశోధన సబ్‌మెరైన్‌నే తీసుకోండి. 1977లో గాలాపగోస్ దగ్గర సముద్రం అడుగున వేడినీటి బుగ్గల్ని, సూర్యుడి వెలుగు లేకుండా వాటి చుట్టూ బతికే జీవాల్ని చూపించింది. జీవశాస్త్రం పుస్తకాలు తిరగరాశారు. అదే ఆల్విన్ 1966లో స్పెయిన్ తీరంలో పడిపోయిన హైడ్రోజన్ బాంబుని వెతికి పట్టుకుంది. ఎక్కడ పడిందో నావికాదళం లెక్కలు కడుతుంటే, పారాచూట్ పడటం కళ్లారా చూసిన ఒక జాలరి "అదిగో అక్కడ" అని చూపించాడు. చివరికి ఆయన చెప్పిన చోటి చుట్టుపక్కలే దొరికింది. మా అత్తగారి ఊరు భీమిలి. ఆ జాలరి కథ చెబితే మా మావయ్య "మరి ముందే అడగొచ్చు కదా" అన్నాడు.

టైటానిక్ కూడా అంతే. 1985లో దాన్ని కనిపెట్టిన యాత్రకు డబ్బిచ్చింది అమెరికా నేవీ, మునిగిపోయిన తమ అణు సబ్‌మెరైన్లు థ్రెషర్, స్కార్పియన్‌లను చూసి రమ్మని. ఆ పని అయ్యాక మిగిలిన రోజుల్లో టైటానిక్ వెతికారు. ఆర్కిటిక్ మంచు పల్చబడుతోందని గట్టిగా చెప్పగలిగిందీ అలాగే. ప్రచ్ఛన్నయుద్ధంలో మంచు కింద తిరిగిన సబ్‌మెరైన్లు పైకి సోనార్ వేసి, అంటే శబ్దం పంపి ప్రతిధ్వని విని, మందం కొలుచుకునేవి. ఆ రికార్డులు తరవాత శాస్త్రవేత్తల చేతికొచ్చాయి.

వికారాబాద్_అడవి | ఆదివారం మధ్యాహ్నం 12:02

మీరంతా సముద్రం పక్కనున్నోళ్లు. సముద్రం మొహం చూడని మా ఊరికి కూడా సబ్‌మెరైన్ వచ్చింది తెలుసా? వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో దాదాపు 2,900 ఎకరాలు నేవీ రాడార్ స్టేషన్‌కి ఇచ్చిన్రు. 2024 అక్టోబరు 15న రక్షణ మంత్రి వచ్చి శంకుస్థాపన చేసిన్రు. మూసీ పుట్టేది మా అనంతగిరి గుట్టల్లో. చెట్లు పోతే నీళ్లు ఏమైతయని మేం ధర్నాలు కూడా చేసినం. సముద్రంల బోటుకి మా అడవి ఎందుకు? ఎవరైనా సక్కగ చెప్పిన్రా అంటే లేదు.

పాత_బోట్‌వాలా | ఆదివారం మధ్యాహ్నం 1:30

తమ్ముడూ, అది రాడార్ కాదు. అందరూ అలాగే అంటున్నారు. అది రేడియో స్టేషన్. మామూలు రేడియో తరంగాలు ఉప్పునీళ్లలోకి పోవు, పైపైనే చచ్చిపోతాయి. బాగా తక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్నవి మాత్రం కొన్ని మీటర్లు లోపలికి దిగుతాయి. ఆ తరంగం ఒక్కోటి కిలోమీటర్ల పొడుగు ఉంటుంది. దాన్ని పంపాలంటే ఎత్తైన స్తంభాలు, వాటి మధ్య తీగలు, చుట్టూ బోలెడంత నేల కావాలి. తమిళనాడులో తిరునెల్వేలి దగ్గర కట్టబొమ్మన్ పేరుతో ఒకటి 1990 నుంచి ఉంది. మీది రెండోది.

బోట్ దాన్ని వినగలదు గానీ తిరిగి పలకలేదు. చాలా చిన్న సందేశాలే వస్తాయి. టెలిగ్రామ్ కన్నా పొదుపు. అయినా ఆ ఒక్క మాట కోసం పైకి రానక్కర్లేదు అంటే బోట్‌కి ప్రాణం దక్కినట్టే. పైకి వచ్చినప్పుడే దొరికిపోతాం.

అడవి సంగతిలో నీ బాధ నాకు అర్థమవుతుంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

వికారాబాద్_అడవి | ఆదివారం మధ్యాహ్నం 1:52

ఇంత సక్కగ ఎవ్వరూ చెప్పలే సార్. నా కోపం పోలేదు గానీ ఏం కడుతున్నరో తెలిసింది.

గోదావరి_గట్టు | ఆదివారం మధ్యాహ్నం 3:18

సబ్‌మెరైన్ మునగడం, తేలడం గురించి నాన్నగారు పిల్లాడికి ఇంట్లోనే చూపించొచ్చు. బకెట్ నీళ్లలో స్టీలు గ్లాసు బోర్లించి నొక్కండి, లోపలి గాలి పైకి తోస్తుంది. కొంచెం వంచి గాలి వదిలితే బుడగలొచ్చి మునుగుతుంది. సబ్‌మెరైన్‌లో గాలీ నీళ్లూ నింపే బల్లాస్ట్ ట్యాంకుల పని ఇంతే. పైకి రావాలంటే సిలిండర్లలో దాచిన గాలితో ట్యాంకుల్లో నీళ్లు బయటికి నెట్టేస్తారు.

ఒక సరదా సంగతి. గంగ, మహానది, మా గోదావరి, కృష్ణ వరద నీళ్లు వచ్చి పడటం వల్ల బంగాళాఖాతం పైపొర ఉప్పు తక్కువ. ఉప్పు తక్కువైతే నీళ్లు తేలిక. సరిగ్గా తూకం కట్టుకున్న బోట్ ఆ నీళ్లలోకి వస్తే బరువెక్కినట్టు కిందికి జారుతుంది, మళ్లీ సర్దుకోవాలి. పైపొరకీ కిందిపొరకీ తేడా ఉంటే శబ్దం కూడా వంగిపోతుంది. సోనార్‌తో వెతికేవాడికి తలనొప్పి, దాక్కునేవాడికి పండగ. భద్రాచలం దగ్గర మనం మునిగి లేచిన నీళ్లు అక్కడ అలా పనికొస్తున్నాయన్నమాట.

పాత_బోట్‌వాలా | ఆదివారం మధ్యాహ్నం 3:25

నిజం. ట్రిమ్ సర్దడం అంటాం. వర్షాకాలం తరవాత ఇటువైపు అదే గోల.

లలిత_చెన్నై | ఆదివారం సాయంత్రం 4:40

మనుషులు లేని చిన్నవి మర్చిపోయాం. ఆర్గో ఫ్లోట్లు అని మనిషి ఎత్తు గొట్టాలు ప్రపంచమంతా సముద్రాల్లో వేల సంఖ్యలో ఉన్నాయి. లోపల నూనె తిత్తి ఉబ్బిస్తే తేలుతుంది, కుదిస్తే మునుగుతుంది, సబ్‌మెరైన్ సూత్రమే. 2,000 మీటర్ల దాకా దిగి, పది రోజులకోసారి పైకొస్తూ దారి పొడుగునా వేడి, ఉప్పు కొలిచి ఉపగ్రహానికి చెప్పి మళ్లీ మునుగుతుంది. మన దేశం తరఫున ఆ లెక్కలు చూసేది హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్. తుపాను బలపడేది సముద్రంలో దాగిన వేడితోనే కాబట్టి ఆ కొలతలు అంచనాలకి పనికొస్తాయి. మామూలు జనానికి ఏం ఉపయోగం అన్నారు కదా, నా ఓటు దీనికే.

హ్యూస్టన్_శ్రీను | ఆదివారం సాయంత్రం 5:06

దొంగలకీ ఉపయోగపడుతున్నాయి లెండి. 2019లో దక్షిణ అమెరికా నుంచి అట్లాంటిక్ దాటి స్పెయిన్ తీరానికి మూడు టన్నుల కొకైన్‌తో సగం మునిగిన పడవ వచ్చింది. ఇక పర్యాటకుల సబ్‌మెరైన్ అంటారా, ఒక ద్వీపంలో మేమూ ఎక్కాం. డాలర్లు పోసి గంటసేపు ఆకుపచ్చ మసక, ఒక చేప, మా ఆవిడ చూపు చూశాం.

సింధియా_జంక్షన్ | ఆదివారం సాయంత్రం 6:33

మునిగిపోయిన బోట్‌లో మనుషుల్ని కాపాడే చిన్న సబ్‌మెరైన్లు కూడా ఉన్నాయి, డీఎస్ఆర్‌వీ అంటారు. మన నేవీకి రెండున్నాయి, ఒకటి విశాఖలోనే. 2021 ఏప్రిల్‌లో ఇండోనేషియా సబ్‌మెరైన్ నంగాలా 53 మందితో కనిపించకుండా పోతే ఇక్కడి నుంచే పంపారు. అది చేరేలోపే శకలాలు దొరికాయి. దాన్ని మోసుకెళ్లడానికి ప్రత్యేకంగా కట్టిన నిస్తార్ 2025 జులైలో నేవీలో చేరింది. కట్టింది మా పేటలోని షిప్‌యార్డే. పిల్లాడికి అది చెప్పండి.

మధురవాడ_నాన్న | ఆదివారం రాత్రి 8:47

అందరికీ చాలా థాంక్స్. మీ రాతలన్నీ వాడికి చదివి వినిపించాను. బకెట్ ప్రయోగం కూడా అయింది. బాత్రూమ్‌లో గంటన్నర, స్టీలు గ్లాసుకి సొట్ట, మా ఆవిడ అలక. గేదె లెక్క ఫ్రెండ్స్‌కి చెప్తానని నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. మళ్లీ కురుసురకి వెళ్లాలట, ఈసారి ఆ గాలి పీల్చే గొట్టం చూపించమంటున్నాడు.

పాత_బోట్‌వాలా గారికి మాత్రం ఇంకో ప్రశ్న పంపాడు. "అంకుల్, నీళ్లలో ఉన్నప్పుడు ఎవరికైనా పుట్టినరోజు వస్తే కేక్ ఎలా?"

పాత_బోట్‌వాలా | ఆదివారం రాత్రి 9:15

కేక్ కాదు బాబూ. పాలపొడి కలిపి సేమ్యా పాయసం. నాదే పుట్టినరోజు, ముప్పై నిండాయి. మా కుక్ మలయాళీ. చక్కెర బదులు చెయ్యి జారి ఉప్పు పడిందేమోనని అందరూ నా మొహమే చూస్తున్నారు. బాగుంది. ఎవడో ఎక్కడి నుంచో ఒక కొవ్వొత్తి కూడా తెచ్చాడు.

చీఫ్ దాన్ని పాయసంలో గుచ్చనిచ్చాడు, వెలిగించనివ్వలేదు. వెలగని కొవ్వొత్తినే ఊదాను.